పక్కన నిలబడ్డవాడు

ఈనక్ హాస్లమ్ పోయాడని
ఓల్డమ్ పత్రిక మూడో పేజీలో నాలుగు వరుసలు వేసింది.
అందులో నా పేరు లేదు. ఉండదు కూడా.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన పక్కన నిలబడి
"అలాగా? తర్వాత?" అన్నవాణ్ణి.
నవ్వు ఆయనది. నవ్వుకు ముందుండే ఖాళీ నాది.

ముందు మగ్గాల షెడ్డు సంగతి చెప్పాలి.
ఎనిమిది వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే
దేవుడు పిలిచినా వినపడదు.
అక్కడి ఆడవాళ్ళు గొంతు దాచుకుని పెదాలతో మాట్లాడుకునేవారు,
దవడలు సాగదీసి, ముక్కు చిట్లించి,
కనుబొమలతో కామాలు పెట్టి.
ఎవరికి నెల తప్పిందో,
ఎవడు ఎవరింట్లో టోపీ మరిచిపోయాడో
ఈ చివర నుంచి ఆ చివరకు పొల్లుపోకుండా చేరేది.
వాళ్ళమ్మ బెర్తా నాలుగు మగ్గాలు చూసేది.
పన్నెండేళ్ళ ఈనక్ వాటి కింద దూది ఊడుస్తూ
కంఠంతో పనిలేని ఆ విద్యను
కంఠస్థం చేశాడు.

వేదిక మీద ఆయన చేసిందల్లా అదే.
తలకు గుడ్డ చుట్టుకుని, లేని గోడ మీద మోచేతులు ఆనించి
లేని పక్కింటావిడకు తన ఆపరేషన్ గురించి చెప్పడం.
అసలు మాట దగ్గరకొచ్చేసరికి గొంతు ఆగిపోయేది,
పెదాలు మాత్రం నడిచేవి.
ఏమన్నాడో ఎవరికీ వినపడదు, అందరికీ తెలిసిపోతుంది.
పై బాల్కనీలో చవక టిక్కెట్ల నేతగత్తెలు
మిగతా జనం కంటే ఒక్క క్షణం ముందే పగలబడేవారు.
ఆ క్షణాన్ని లెక్కపెట్టుకునేవాణ్ణి.
నా "అలాగా?" సరిగ్గా దాని వెనకే పడాలి.

మంచివాడని చెప్పను.
మూడోవంతు ఇచ్చి సగం ఇచ్చినట్టు ముఖం పెట్టేవాడు.
ఆ ముఖం కూడా బాగా పెట్టేవాడు.
బర్న్‌లీలో ఓ రాత్రి జనం నవ్వకపోతే
తప్పు నా బూట్లదన్నాడు, కిర్రుమన్నాయట.
మర్నాడు కొత్తవి కొనిపెట్టాడు.
శుక్రవారం నా జీతంలో కోసుకున్నాడు.

రేడియోవాళ్ళు పిలిచారు.
మైకు ముందు ఈనక్ కనుబొమలెగరేశాడు, దవడ జారేశాడు,
దేశమంతా శూన్యం విన్నది.
అద్దం వెనక కుర్రాడు చేతులూపుతున్నాడు,
ఏదో ఒకటి అనండి, ఏదైనా సరే.
ఏం చెయ్యాలో తోచక నేనే "అలాగా?" అన్నాను, రెండుసార్లు.
మళ్ళీ పిలవలేదు.

టీవీ వచ్చే నాటికి మగ్గాలు తుక్కు బేరానికి పోయాయి.
లండన్ కుర్ర నిర్మాత మర్యాదగానే అడిగాడు:
"అంతా బాగుంది, మధ్యలో నోరు అలా ఎందుకు కదుపుతారు?"
ఈనక్ చెప్పబోయి
టోపీ తీసుకున్నాడు.

ఆ తర్వాత మోర్కమ్‌లో సముద్రం మీదికి చాచిన చెక్క వంతెన,
దాని కొసన రేకుల హాలు, వేసవి ఆటలు.
ఓ సోమవారం పదిహేడుమంది వచ్చారు,
అందులో పదిమంది వానకు తలదాచుకోవడానికి.
ఈనక్ పదిహేడుమందికీ పూర్తి ఆపరేషన్ చేశాడు,
కుట్లతో సహా.

మొన్న మార్చిలో రాయ్‌టన్ ముసలివాళ్ళ ఆశ్రమానికి వెళ్ళాను.
చెవులు పూర్తిగా పోయాయి.
షెడ్డు చిన్నప్పుడిచ్చిన అప్పు వడ్డీతో వసూలు చేసుకుంది.
హాల్లో ఆ మూల ఇద్దరు ముసలమ్మలు, వాళ్ళూ చెవిటివాళ్ళే,
ఈ మూల కుర్చీలో ఈనక్, మోకాళ్ళ మీద దుప్పటి.
గదికి అడ్డంగా, చప్పుడు లేకుండా
ఆపరేషన్ మొదటి నుంచీ నడుస్తోంది.
ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటున్నారు.
కొత్తగా చేరిన నర్సు ఆయనకు మూర్ఛ అనుకుని
నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.

నవ్వాలని నేనూ చూశాను. రాలేదు.
స్టాక్‌పోర్ట్ టోపీలవాడి కొడుకుని, ఆ భాష నాకు రాదు.
ముప్పై ఒక్క ఏళ్ళూ పక్క నుంచే చూశాను,
ఒక చెవి, ఒక దవడ, సగం ముక్కు.
అసలు మాట ఏమిటో
జనం నవ్వును బట్టి ఊహించుకున్నవాణ్ణి.

అప్పుడు ఈనక్ నావైపు తిరిగాడు, నిండు ముఖంతో.
పెదాలు నెమ్మదిగా కదిపాడు.
ఏదో చెప్పాడు, పొడుగ్గానే.
ఆగి, ఎదురుచూశాడు.

"అలాగా?" అన్నాను.
ఒక్క క్షణం ఆలస్యంగా.
"తర్వాత?"